జైల్లో వంద మందిని అడిగితే మత్తుకూ నేరానికీ లంకె తేలుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సోషియాలజీలో పీహెచ్‌డీకి చేరారు. యువతలో మాదకద్రవ్యాల వాడకం, దానివల్ల పెరుగుతున్న నేరాలు అన్నది మీ అంశం. సెంట్రల్ జైల్లో వంద మంది ఖైదీలకు ప్రశ్నావళి ఇచ్చి, దానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) పదేళ్ల లెక్కలు జోడించి, మత్తు వల్లే నేరాలు పెరుగుతున్నాయని నిరూపించాలనుకుంటున్నారు. గైడుగారు సరే అన్నారు, మీకే ఎక్కడో అనుమానంగా ఉంది.

మీ అనుమానమే నిజం. డీఅడిక్షన్ సెంటర్లలో, జైళ్లలో చాలాకాలం ఇంటర్వ్యూలు చేశాను. ఆ తర్వాత ఇలాంటి సినాప్సిస్‌లు (పరిశోధన ప్రణాళికలు) బోలెడు చదివాను. మీ పద్ధతిలో సంబంధం రాదని కాదు, తప్పకుండా వస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో కై-స్క్వేర్ పరీక్ష చేస్తే, ఆ సంబంధం కాకతాళీయం కాదని చెప్పే నక్షత్రాలు కూడా అంకె పక్కన పడతాయి. ఆ సంబంధం దేనికీ దేనికీ మధ్య అని అడిగితే మాత్రం మీ దగ్గర జవాబు ఉండదు. వైవాకు బయటినుంచి వచ్చే ఎగ్జామినరు మొదట అడిగేది అదే.

ముందు ఎన్‌సీఆర్‌బీ సంగతి చూద్దాం. ఆ సంస్థ ఏటా వేసే నివేదిక 'క్రైమ్ ఇన్ ఇండియా' 2022 సంచిక తీయండి. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కేసుల్లో దేశం మొత్తానికి కేరళ మొదటి స్థానం, 26 వేల పైచిలుకు. పంజాబ్‌లో అందులో సగం కూడా లేవు. రెండు రాష్ట్రాల జనాభాలో మరీ పెద్ద తేడా లేదు. హెరాయిన్ దెబ్బకు ఊళ్లకు ఊళ్లే కుదేలైన పంజాబ్‌కంటే కేరళలో మత్తు రెట్టింపు ఉందని ఎవరైనా అంటారా? కేరళలో బీడీలో గంజాయి నింపి కాలుస్తూ దొరికిన కుర్రాడి మీద కూడా కేసు కడతారు. వేరేచోట రెండు తగిలించి, తండ్రిని పిలిపించి, పంపించేస్తారు. ఆ అంకె పోలీసులు, ఎక్సైజు వాళ్లు ఎంత పని చేశారో చెబుతుంది. వాడకం ఎంతో చెప్పదు. ఒక కమిషనరేట్‌లో కొత్తగా నార్కోటిక్స్ విభాగం పెట్టారనుకోండి, మరుసటి ఏడు గ్రాఫ్ లేస్తుంది, ఆ ఏడు కాలేజీల్లో వాడకం తగ్గి ఉన్నా సరే.

ఇంకో చిక్కుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడటమే నేరం. మొత్తం నేరాల్లో ఎన్‌డీపీఎస్ కేసులు కూడా కలిసే ఉంటాయి. ఒక పక్క మత్తు కేసులు, రెండో పక్క మొత్తం నేరాలు పెట్టి సహసంబంధం లెక్కగడితే, కొంతమేర దాన్ని దానితోనే పోల్చినట్టు. సరే, దొంగతనాలు, దాడులు, హత్యలు మాత్రమే విడిగా తీసుకుందామంటే, దొంగతనం చేసినవాడు ఆ రోజు ఏం పీల్చాడు, ఏం తాగాడు అన్న కాలమ్ ఎన్‌సీఆర్‌బీ పట్టికలో లేదు. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే వాటిలో పెద్దదాన్నే లెక్కిస్తారు. హత్య కేసులో నిందితుడి జేబులో గంజాయి దొరికితే పట్టికలో అది హత్యే, గంజాయి మాయమవుతుంది. వ్యక్తిగత వాడకానికా, రవాణాకా అన్న విభజన ఉంది కదా అంటారేమో. గంజాయి 1 కిలో వరకు 'చిన్న పరిమాణం'. అందులో ఎంతో కొంత పట్టుకుని దొరికినవాడి మీద 27వ సెక్షన్ (వాడకం) రాయాలా, 20వ సెక్షన్ (గంజాయి కలిగి ఉండటం, రవాణా) రాయాలా అన్నది చాలాసార్లు ఆ స్టేషన్ అలవాటును బట్టి ఉంటుంది.

మీ సినాప్సిస్‌లో ద్వితీయ ఆధారంగా పత్రికా కథనాలు కూడా వాడతానన్నారు. వాటి గురించి ఒక మాట. మన జిల్లా ఎడిషన్లలో చైన్‌స్నాచింగ్ ముఠా అరెస్టు వార్త ఏదైనా తీసుకోండి. 'జల్సాలకు అలవాటుపడి', 'చెడు వ్యసనాలకు బానిసై', 'సులభంగా డబ్బు సంపాదించాలనే దురాశతో' అన్న మూడింటిలో రెండైనా ఉంటాయి. ఆ మాటలు వార్తలోకి, నిందితుల్ని ముసుగులు వేసి నిలబెట్టినప్పుడు పోలీసులు ఇచ్చిన ప్రెస్‌నోట్ నుంచి వచ్చాయి, అందులోకి రిమాండ్ రిపోర్టు నుంచి వచ్చాయి, రిపోర్టులోకి నేరం ఒప్పుకున్నట్టు రాసే కన్ఫెషన్ పంచనామా నుంచి వచ్చాయి. పంచనామా రాసింది స్టేషన్ రైటరు. ఆయన ముందు పాత పంచనామా ఒకటి నమూనాగా ఉంది. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదని పాత ఎవిడెన్స్ చట్టం 25వ సెక్షన్ చెప్పింది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కోర్టుకు పనికిరానిది పీహెచ్‌డీకి ఎందుకు పనికొస్తుంది? ఆ వాక్యాన్ని ఒక సాంస్కృతిక పత్రంగా చదవొచ్చు, అది వేరే పరిశోధన. మీ పట్టికలో నేర కారణంగా మాత్రం కోడ్ (నమోదు) చేయకండి.

ఇక జైలు నమూనా. మీరు విశాఖ సెంట్రల్ జైలు కూడా రాశారు కాబట్టి అక్కడినుంచే ఉదాహరణ చెబుతాను. అక్కడ గంజాయి కేసుల ముద్దాయిలు పెద్ద సంఖ్యలో ఉంటారు. మీ ప్రశ్నావళి పట్టుకుని వెళ్తే వందలో చాలామంది 'మత్తు సంబంధ నేరం' కిందికి వస్తారు. కానీ వాళ్లలో ఎందరు వాడినవాళ్లు? ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, చింతపల్లి, జి.కె.వీధి, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు, అటు ఒడిశాలో మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు పండిన శీలావతి రకం గంజాయి మహారాష్ట్రకు, తమిళనాడుకు, కేరళకు, ఢిల్లీకి వెళ్తుంది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కసారిగా తగలబెట్టారు. ఆ సరుకును మోసి దొరికిన గిరిజన యువకుడు, ఆటో డ్రైవరు, కూలి డబ్బుల కోసం బ్యాగు పట్టుకుని రైలెక్కిన మహిళ, వీళ్లలో చాలామంది జీవితంలో ఒక్క దమ్ము లాగి ఉండరు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు 37వ సెక్షన్ కింద బెయిలు దాదాపు అసాధ్యం, అందుకే విచారణ ఖైదీలుగా ఏళ్లు గడుపుతారు. మీరు వెళ్లిన రోజు జైల్లో కనిపించేది వాళ్లే. అక్కడ వాడకం ఒకచోట, నేరం ఇంకొకచోట, మనుషులూ వేరువేరు. మధ్యలో ఉన్నవి పేదరికం, అప్పు, దళారీ. ఈ మనుషుల్ని 'వాడకం వల్ల నేరం' పట్టికలో వేస్తే అన్యాయం, శాస్త్రమూ కాదు.

ఈ గందరగోళాన్ని విడదీయడానికి ఒక పాత పనిముట్టుంది. అమెరికన్ పరిశోధకుడు పాల్ గోల్డ్‌స్టీన్ 1985లో మత్తుకూ హింసకూ మధ్య మూడు దారులున్నాయని ప్రతిపాదించాడు. మొదటిది, ఒంట్లోకి వెళ్లిన పదార్థమే మనిషి ప్రవర్తన మార్చడం: తాగొచ్చి భార్యను కొట్టడం ఈ రకం. రెండోది, డోసు కొనడానికి డబ్బు కావాలి కాబట్టి దొంగతనం, దోపిడీ. మూడోది, ఆ వ్యాపారం చట్టానికి బయట ఉండటం వల్ల పుట్టే హింస. వాటాల తగాదా, ఏరియా తగాదా, బాకీ వసూలు, ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో కత్తిపోటు, చెక్‌పోస్టు దగ్గర ఆపితే కారుతో గుద్దేసి పోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఇలాంటి వ్యాపారంలో మోసపోయినవాడు స్టేషన్‌కు వెళ్లలేడు, కోర్టుకూ వెళ్లలేడు, కత్తే కోర్టు.

గోల్డ్‌స్టీన్ బృందం 1988లో, క్రాక్ (పొగగా పీల్చే కొకైన్) ఉధృతంగా ఉన్న న్యూయార్క్‌లో, 414 హత్యల్ని ఈ మూడు దారుల్లో సర్దిచూసింది. సగానికి కొంచెం ఎక్కువ మత్తుకు సంబంధించినవే. వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు మూడో రకం, అంటే వ్యాపార హింస. పదార్థ ప్రభావం వల్ల జరిగినవి సుమారు 14 శాతం, వాటిలోనూ ఎక్కువ మద్యంవి. డోసు డబ్బు కోసం జరిగినవి 4 శాతం. పత్రికలు భయపెట్టిన 'పిచ్చెక్కిన క్రాక్ హంతకుడు' లెక్కల్లో దాదాపు లేడు. ఈ అంకెల్ని తెచ్చి వరంగల్‌కు అతికించమని చెప్పడం లేదు. ఆ వర్గీకరణ మీదా విమర్శలున్నాయి: ఒకే ఘటనలో రెండు దారులు కలిసి ఉండొచ్చు, కోడింగ్ మళ్లీ పోలీసు ఫైళ్ల మీదే ఆధారపడింది. అయినా సర్దడం మొదలుపెడితే మీ ప్రశ్న మూడు ప్రశ్నలుగా విడిపోతుంది, అదే లాభం.

ఏ పదార్థం అన్నది కూడా విడదీయాలి. 2008లో బెనెట్, హాలోవే, ఫారింగ్టన్ ముప్పై అధ్యయనాల్ని కలిపి లెక్కించారు. మత్తు వాడేవాళ్లు నేరం చేసే ఓడ్స్ (చేసే అవకాశానికీ చేయని అవకాశానికీ ఉన్న నిష్పత్తి), వాడనివాళ్లకంటే మొత్తం మీద 3 నుంచి 4 రెట్లు ఎక్కువ. విడదీసి చూస్తే క్రాక్‌కు 6 రెట్లు, హెరాయిన్‌కు 3 రెట్ల పైన, కొకైన్‌కు రెండున్నర, గంజాయికి ఒకటిన్నర. ఆరుకూ ఒకటిన్నరకూ మధ్య ఎంత దూరం! ఇవి కూడా సంబంధాన్నే చెబుతున్నాయి, కారణాన్ని కాదు. మన దగ్గర కేసుల్లో ఎక్కువగా కనిపించేది గంజాయి. ఇంగ్లండ్‌లో హెరాయిన్ గురించి రాసిన సిద్ధాంతాన్ని తీసుకుని మీరు గంజాయి కుర్రాళ్ల మీద పరీక్షిస్తున్నారు. అది మొదటి అధ్యాయంలోనే తెగిపోతుంది.

హెరాయిన్ విషయంలో రెండో దారికి గట్టి సాక్ష్యం ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే అది పరిశోధన ఎలా చేయాలో కూడా నేర్పుతుంది. స్విట్జర్లాండ్‌లో 1994లో, ఏ చికిత్సకూ లొంగని వ్యసనపరులకు డాక్టరు సమక్షంలో వైద్య హెరాయిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. చేరినవాళ్లలో దొంగతనాలు, చిల్లర అమ్మకాలు బాగా పడిపోయాయి. గమనించండి, వాళ్లు హెరాయిన్ మానలేదు. వాడుతూనే ఉన్నారు, నేరం తగ్గింది. అంటే ఆ దొంగతనాలకు మూలం పదార్థంలో కంటే దాని ధరలో, దాన్ని సంపాదించుకునే తిప్పల్లో ఉంది. వాడకాన్నీ నేరాన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఈ సంగతి ఎన్నటికీ కనపడదు.

ఇప్పుడు మీ సినాప్సిస్‌లో అన్నిటికంటే పెద్ద లోటు: మద్యం లేదు. 'చట్టబద్ధం కాబట్టి మినహాయించాం' అని రాశారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. అందులో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 2.8 శాతం, నల్లమందు జాతివి వాడేవాళ్లు సుమారు 2.1 శాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, భర్త తరచూ తాగి మైకంలో ఉంటాడన్న మహిళల్లో 70 శాతం భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించారు. భర్త తాగడన్న మహిళల్లో అది 23 శాతం. అదే సర్వే ప్రకారం తెలంగాణలో మగవాళ్లలో 43 శాతం తాగుతారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు 1992లో సారా కొట్టు మూయించడానికి ఏ సర్వే అవసరం రాలేదు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ మన గడ్డ మీదే, పరిశోధకుల ప్రమేయం లేకుండా వాటంతటవే జరిగిన సహజ ప్రయోగాలు. ఆనాటి జిల్లా రికార్డుల్లోకి దిగే ఓపిక ఉన్న విద్యార్థి కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

అయితే మద్యం దగ్గర కూడా లెక్క అంత తిన్నగా ఉండదు. 2020 మార్చి ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. ఆ వారాల్లోనే జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస ఫిర్యాదులు పెరిగాయి. ఇంట్లో ఇరుక్కుపోవడం, పని పోవడం, డబ్బు లేకపోవడం, కొందరికి మందు దొరక్క విత్‌డ్రాయల్ బాధలు, ఇవన్నీ ఒకేసారి వచ్చాయి. బీహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి నిషేధం ఉంది. భార్యల మీద హింస తగ్గిందని చెప్పే అధ్యయనాలున్నాయి. మరోపక్క ఆ చట్టం కింద పెట్టిన కేసుల బెయిలు పిటిషన్లతో కోర్టులు నిండిపోయాయని, ముందుచూపు లేని చట్టానికి అదొక ఉదాహరణ అని అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ 2021 డిసెంబర్‌లో విజయవాడలో అన్నారు. ఒక చట్టం ఒక హింసను తగ్గిస్తూనే కొత్త నేరగాళ్ల జాబితా తయారుచేయగలదు. మీ గ్రాఫ్‌లో రెండూ 'నేరం' అన్న ఒకే గీతలో కలిసిపోతాయి.

ఇక కల్లు. తెలంగాణలో మత్తు మీద పనిచేస్తూ కల్తీ కల్లును వదిలేస్తే పరిశోధన కుంటుతుంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లుకు ఉమ్మడి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతమంది అలవాటుపడ్డారో 2015 సెప్టెంబర్‌లో బయటపడింది. ప్రభుత్వం దాడులు చేసి కల్తీ ఆపించగానే వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు, మాట తడబాటుతో జనం ఆస్పత్రులకు బారులు తీరారు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నిండిపోయింది. వాళ్లలో రోజుకూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు. తాము ఏదో మందుబిళ్లకు బానిసలయ్యామని వాళ్లకే తెలియదు, వాళ్ల లెక్కలో రోజూ సాయంత్రం ఓ సీసా కల్లు, అంతే. మీ ప్రశ్నావళిలో 14వ ప్రశ్న 'మీరు ఎప్పుడైనా మాదకద్రవ్యాలు వాడారా?' అని ఉంది. వీళ్లందరూ నిజాయితీగా 'లేదు' అంటారు. ఆల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ జాబితాలో ఉన్న పదార్థం! అందుకే పదార్థం పేరు అడగకండి. 'రెండు రోజులు కల్లు దొరక్కపోతే నిద్ర పడుతుందా? చేతులు వణుకుతాయా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?' అని అడగండి. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే రైల్వేస్టేషన్ పిల్లలదీ ఇదే కథ. ఎన్‌డీపీఎస్‌లో వాటి ఊసే లేదు. ఎయిమ్స్ సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు మాత్రం ఈ పీల్చే రకం ఒక్కటే.

ప్రశ్నావళి వద్దు, మూత్ర పరీక్ష చేయిస్తే నికరంగా తెలుస్తుందిగా అని ఇక్కడే ఒకరు సూచించారు. అమెరికాలో 1987 నుంచి, ఆస్ట్రేలియాలో 1999 నుంచి అరెస్టయినవాళ్లకు స్వచ్ఛందంగా పరీక్ష చేసి అంకెలు వేశారు. మన పోలీసుల దగ్గరా ఇప్పుడు గంజాయి కిట్లు ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, కొకైన్, హెరాయిన్ జాడ రెండు మూడు రోజుల్లో పోతుంది, గంజాయి జాడ రోజూ వాడేవాడిలో వారాలపాటు ఉంటుంది. పాజిటివ్ వచ్చిందంటే ఈ మధ్య ఎప్పుడో వాడాడని అర్థం. నేరం చేసిన రాత్రి మత్తులో ఉన్నాడని కాదు. పైగా జైల్లో, లాకప్‌లో ఇచ్చే సమ్మతి ఎంతవరకు సమ్మతి?

అసలు ముడి కాలక్రమంలో ఉంది. ఏది ముందు? మత్తు ముందు, నేరం తర్వాతా? చిల్లర దొంగతనాలు చేసి చేతిలో డబ్బాడే కుర్రాడు ఆ గుంపులో మత్తు నేర్చుకున్నాడా? లేక తండ్రి తాగుడు, ఆరో తరగతిలో బడి మానడం, పనిలేకపోవడం రెండింటినీ తెచ్చిపెట్టాయా? ఒకే రోజు జైల్లో కూర్చోబెట్టి అడిగితే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. 1980ల మొదట్లో బాల్, నర్కో బృందం బాల్టిమోర్‌లో హెరాయిన్ వ్యసనపరుల జీవితాల్ని కాలాల వారీగా విడదీసి, ఒకే మనిషి వాడుతున్న కాలంలో ఏడాదికి ఎన్ని రోజులు నేరం చేశాడు, మానేసిన కాలంలో ఎన్ని రోజులు చేశాడు అని లెక్కించింది. వాడే కాలంలో సుమారు ఆరు రెట్లు ఎక్కువ. మనిషిని ఇంకొకడితో కాకుండా అతనితోనే పోల్చడం వల్ల కులం, ఇల్లు, చదువు, తండ్రి తాగుడు అన్నీ రెండు వైపులా ఒకటే అయిపోయాయి. ఇంకో సంగతి కూడా చూడండి, మానేసిన కాలంలో నేరం తగ్గింది గానీ సున్నా కాలేదు.

మీరూ ఇదే చేయండి, చిన్నస్థాయిలో. వంద మంది అక్కర్లేదు, నలభై మంది చాలు, కానీ ఒక్కొక్కరితో రెండు మూడు సిట్టింగులు కావాలి. ఒక పెద్ద కాగితం మీద గత ఐదేళ్లను నెలలుగా గళ్లు గీసి, ముందు మనిషికి గుర్తుండేవి నింపండి: పదో తరగతి పరీక్షలు, అక్క పెళ్లి, బతుకమ్మ, సంక్రాంతి, సర్పంచి ఎన్నికలు, మేడారం జాతర, ఉద్యోగం పోయిన నెల. ఆ తర్వాతే 'అప్పటికి రోజూ తాగుతున్నావా, వారానికోసారా' అని అడగండి. మద్యం, గంజాయి, మాత్రలు, పీల్చేవి అన్నిటికీ వేరే వరుసలు. ఇంకో వరుసలో గొడవలు, దొంగతనాలు, అమ్మకాలు. మరో వరుసలో పని, ఆదాయం, ఎవరితో ఉన్నాడు అన్నవి. తేదీ అడిగితే ఎవరికీ గుర్తుండదు, జాతర అడిగితే గుర్తుంటుంది. వీలైతే అదే ఇంట్లో వాడని అన్నదమ్ముడిని కూడా కలవండి. అంతకంటే మంచి పోలిక మీకు దొరకదు.

మనుషుల్ని ఎక్కడ పట్టుకోవాలి? జైలుకంటే డీఅడిక్షన్ సెంటర్లు మేలు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి ఉన్నాయి, ప్రభుత్వ మానసిక వైద్యశాలల వార్డులున్నాయి. తాళం వేసి ఉంచే ప్రైవేటు రీహాబ్‌ల జోలికి వెళ్లకండి. అక్కడివాళ్లు మీతో మాట్లాడేది బయటికి వెళ్లే దారి దొరుకుతుందన్న ఆశతో. జైల్లో వార్డరు రెండడుగుల దూరంలో నిలబడతాడు. విచారణ ఖైదీకి మీరు లాయరు మనిషో, ఇంటెలిజెన్స్ మనిషో తెలియదు. అతను చెప్పేది తన కేసుకు పనికొచ్చే కథ. తప్పు అతనిది కాదు.

ఇక్కడ చట్టం సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ సమ్మతి పత్రంలో 'మీరు చెప్పిన ఏ విషయమూ బయటికి వెళ్లదు' అని రాశారు. ఆ హామీ ఇచ్చే అధికారం మీకు లేదు. అమెరికాలో ఇలాంటి పరిశోధనలకు గోప్యతా ధ్రువపత్రం ఇస్తారు, దాన్ని చూపించి పేర్లు చెప్పనని నిలబడొచ్చు. మన దగ్గర అలాంటిది లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 94వ సెక్షన్ కింద మీ నోట్స్ తెమ్మని సమన్లు ఇవ్వొచ్చు. 33వ సెక్షన్ ప్రకారం హత్య, దోపిడీ లాంటి కొన్ని నేరాల గురించి తెలిసినవాళ్లు, సహేతుకమైన కారణం ఉంటే తప్ప, పోలీసులకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోక్సో 19వ సెక్షన్ కింద చెప్పి తీరాలి. కాబట్టి తెలుసుకోకూడనివి అడగకండి. 'గొలుసు తెంపావా' అనండి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో కలిసి అని అడగకండి. అమ్మినవాడి పేరు అతను చెప్పబోతే ఆపండి. పేర్లు కాగితం మీదికి రానే కూడదు, కోడ్ నంబరు చాలు. గొంతు రికార్డు చేయకండి, ఫోన్ జేబులో కూడా పెట్టుకోకండి. చికిత్సకు స్వచ్ఛందంగా వచ్చిన వ్యసనపరుడికి వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఎన్‌డీపీఎస్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ఆ సంగతి చాలా సెంటర్లలో పేషెంట్లకు ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను ఈ థీసిస్‌లోకి తేవద్దు. మీ యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఉందా, ఉంటే నిజంగా సమావేశమవుతుందా అన్నది ఈ వారమే కనుక్కోండి. లేకపోతే దగ్గర్లోని మెడికల్ కాలేజీ కమిటీకి పెట్టుకోవచ్చు, అక్కడ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు అడుగుతారు.

గైడుగారికి ఎలా చెప్పాలన్నారు. అంశం మార్చక్కర్లేదు, కుదించండి చాలు. 'హైదరాబాద్ డీఅడిక్షన్ కేంద్రాల్లో చేరిన 18–30 ఏళ్ల పురుషుల్లో, మద్యం లేదా గంజాయి వాడకం పెరిగిన నెలల్లో ఆస్తి నేరాలు, దాడులు పెరిగాయా' అని అడిగితే, అవునన్నా కాదన్నా అది ఒక ఫలితమే. 'నిరూపించడం' అన్న మాట సినాప్సిస్‌లోంచి తీసేయండి. కాదని తేలితే ఏం చేస్తారని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు.

అనుమతులకు నెలలు పడుతుంది. ఈలోపు ఖాళీగా కూర్చోకుండా ఈ-కోర్ట్స్ సైటులో ఒకటి రెండు జిల్లాల ఎన్‌డీపీఎస్ తీర్పులు, దోపిడీ, హత్య తీర్పులు దించుకోండి. ప్రతిదాన్నీ గోల్డ్‌స్టీన్ మూడు దారుల్లో సర్దండి. నాలుగో గడి ఒకటి మీరే చేర్చండి: 'నిందితుడు వాడకందారు కాదు, కేవలం రవాణా'. ఐదోది: 'ఆధారం చాలదు'. మీరు ఒకసారి, మీ బ్యాచ్‌మేట్ విడిగా ఇంకోసారి కోడ్ చేసి, ఎంతమేర ఏకీభవించారో కప్పా లెక్కతో చూడండి. ఐదో గడి ఎంత నిండుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఫీల్డుకు వెళ్లకముందే ఒక అధ్యాయం చేతికొస్తుంది. ప్రశ్నావళి కొత్త డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, 14వ ప్రశ్న సంగతి చూద్దాం.